మాత్రలు వేసుకునే తల్లికి బిడ్డనివ్వరా?

కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ వైపు తెలుగువాళ్లం ఇలా ఒకచోట చేరినప్పుడు భాష గురించో, వలస వచ్చిన పూర్వీకుల గురించో మాట్లాడుకోవడం రివాజు. కుటుంబ కేసులు చూసే వకీలుగా నేను ఇవాళ ఇంకో సంగతి ఎత్తుకుంటున్నాను. ఆలుమగలు విడిపోయేటప్పుడు బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న తగాదా వస్తుంది. అందులో తల్లి మానసిక ఆరోగ్యమో, తండ్రి మానసిక ఆరోగ్యమో ఎంతవరకు లెక్కకు వస్తుంది?

విడాకుల మాట ఇంట్లో వినబడగానే మాత్రలు మానేసే తల్లులున్నారు. మాత్రల అట్టను బియ్యం డబ్బా అడుగుకు తోస్తారు. మందుల చీటీ చింపేస్తారు. డాక్టరు రమ్మన్న రోజున పుట్టింట్లో ఏదో కార్యమని చెప్పి ఊరుకుంటారు. చీటీ మొగుడి చేతికి చిక్కితే కోర్టులో పెడతాడని, జడ్జి బిడ్డను అటు ఇచ్చేస్తాడని వాళ్ల భయం. మానేసిన కొన్నాళ్లకు నిద్ర పట్టదు, కోపం ముంచుకొస్తుంది, వీధి వీధంతా చూస్తుండగా ఒక గొడవ జరుగుతుంది. అంతవరకు అవతలి వకీలుకు దొరకని సాక్ష్యం అప్పుడు దొరుకుతుంది. బిడ్డ పోతుందన్న భయంతో చేసిన పనే బిడ్డను దూరం చేస్తుంది. ఈ భయం పోగొట్టాలనే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం, ఈ రెండూ చూసేది బిడ్డ సంక్షేమాన్నే. అయిదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని రెండో చట్టం 6వ సెక్షన్ అంటుంది. జబ్బు ఉన్న మనిషికి బిడ్డనివ్వకూడదన్న మాట ఈ రెండు చట్టాల్లో ఎక్కడా లేదు.

మన తెలుగువాళ్ల కేసే ఒకటి దేశమంతటికీ దారి చూపింది. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లు. పెళ్లి కాకినాడలో అయింది, ఒక ఆడపిల్ల పుట్టింది. భార్యకు స్కిజోఫ్రీనియా ఉందని భర్త విడాకులు అడిగాడు. 2013 సెప్టెంబరు 17న సుప్రీంకోర్టు కాదు పొమ్మంది. ఆ జబ్బు బీపీ, షుగరుల్లాగా చికిత్సతో అదుపులో ఉంచుకోగలిగినదేనని చెప్పింది. అప్పటికి ఆమె పైచదువు పూర్తి చేసింది, ప్రభుత్వ వైద్యురాలిగా ఉద్యోగం చేస్తోంది. అంత తీవ్రమైన జబ్బే ఉంటే అది సాధ్యమయ్యేదా అని కోర్టు అడిగింది. అది విడాకుల కేసు, బిడ్డ కోసం జరిగిన తగాదా కాదు. అయినా జబ్బు పేరు చూడకుండా మనిషి ఏం చేయగలుగుతోందో చూసిన ఆ పద్ధతే బిడ్డ విషయంలోనూ మనకు పనికొస్తుంది.

ఆ తర్వాత 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ఒకరికి మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన, కోర్టు ప్రకటిస్తే తప్ప, మతిస్థిమితం లేనివాళ్లని అనుకోకూడదని 3వ సెక్షన్ అంటుంది. కోర్టులో ఒకరు జబ్బుకు రుజువు పెట్టి, రెండోవాళ్లు దాన్ని కాదంటే, మానసిక ఆరోగ్య సమీక్షా మండలి అభిప్రాయం కోసం పంపాలని 105వ సెక్షన్ అంటుంది. చీటీ ఒకటి టేబుల్ మీద పడేసి తీర్పు అడిగే రోజులు కావివి.

అదే చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక జబ్బుల్లోనే చేర్చింది. ఇది మనవాళ్లకు బొత్తిగా తెలియదు. రోజూ సాయంత్రం టాస్మాక్ మద్యం దుకాణం నుంచి తూలుకుంటూ వచ్చే తండ్రిని “కాస్త తాగుతాడంతే” అంటాం. రాత్రి ఒక్క మాత్ర వేసుకుని పొద్దున్నే లేచి బిడ్డకు జడవేసి బడికి పంపే తల్లిని “మతి సరిలేనిది” అంటాం. ఇద్దరినీ ఒకే కొలతతో కొలవమని నేను జడ్జిని అడుగుతాను. మీ ఇళ్లలోనూ అలాగే కొలవండని మిమ్మల్నీ అడుగుతున్నాను.

“వాళ్ల వంశంలోనే ఉంది, బిడ్డకూ అంటుకుంటుంది” అనే వాదన కూడా తరచూ వింటాను. మనలో మేనరికాలు ఎక్కువ. అత్తగారే మేనత్త, మామగారే మేనమామ అయిన ఇంట్లో వాళ్ల వంశం ఎక్కడ ముగిసి మన వంశం ఎక్కడ మొదలవుతుంది? ఆ మాట అన్నవాళ్లు తమ నెత్తురునే తిడుతున్నారు.

మరి జడ్జి ఏం చూస్తారు? బిడ్డ బడికి సరిగ్గా పోతోందా, వేళకు తింటోందా. తల్లి గానీ తండ్రి గానీ చికిత్స నిలకడగా తీసుకుంటున్నారా. జబ్బు తిరగబెట్టే సూచనలు వాళ్లకు తెలుసా, అలాంటి రోజుల్లో బిడ్డను చూసుకోవడానికి అవ్వో, పిన్నమ్మో పక్కన ఉన్నారా. అందుకే నేను నా దగ్గరికి వచ్చేవాళ్లతో ఆస్పత్రి పుస్తకం దాచవద్దని, నెలనెలా పడిన తారీఖులతో సహా తెమ్మని చెబుతాను. క్రమం తప్పకుండా పడిన ఆ ముద్రలు మీ పక్షాన మాట్లాడతాయి.

జబ్బు వల్ల బిడ్డకు నిజంగా అపాయం ఉండే సందర్భాలున్నాయి, అది దాచిపెట్టడం నాకిష్టం లేదు. కన్నబిడ్డే తనకు విషం పెడుతోందని అనుమానపడే స్థితి ఉంటుంది. తాను చచ్చిపోతూ బిడ్డను కూడా తీసుకుపోవాలన్న ఆలోచన వచ్చే స్థితి ఉంటుంది. మన కరిసల్ నల్లరేగడి నేలలో బావుల దగ్గర జరిగిన అలాంటి ఘోరాలు మీరూ విన్నారు. అప్పుడు బిడ్డను వెంటనే సురక్షితమైన చోటికి చేర్చాలి, కోర్టు ఆలస్యం చేయకూడదు. ఆ మనిషికీ అదే రోజు వైద్యం అందాలి. 14416కు ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌లో తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడతారు. అంతటి స్థితిలో కూడా బిడ్డతో కలయిక పూర్తిగా తెంచనక్కర్లేదు. ఇంకొకరి సమక్షంలో కలవనివ్వవచ్చు. 2020లో ఒక తీర్పులో సుప్రీంకోర్టు ఫోన్, వీడియో కాల్ ద్వారా మాట్లాడుకోవడం కూడా బిడ్డ హక్కుల్లో భాగంగానే చూసింది.

తండ్రుల మాట కూడా చెప్పాలి. శివకాశి వైపు టపాసుల పేలుళ్లలో తోటివాళ్లు కాలిపోవడం కళ్లారా చూసిన మగవాళ్లున్నారు. 2012 సెప్టెంబరులో ముదలిపట్టిలో జరిగిన పేలుడు మీకు గుర్తుండే ఉంటుంది. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచే మనిషి డాక్టరు దగ్గరికి పోతే బలహీనుడని, పోకపోతే మొరటువాడని అంటాం. అతనూ తండ్రే, అతనికీ ఇదే న్యాయం వర్తించాలి.

మనకు పక్క జిల్లాలోనే ఏర్వాడి దర్గా ఉంది. 2001 ఆగస్టు 6న అక్కడ పాకకు నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు చనిపోయారు. ఇప్పుడు గొలుసులు లేకపోవచ్చు. కోడలిని దర్గాలోనో, గుళ్లోనో, పుట్టింట్లోనో నెలల తరబడి వదిలిపెట్టడం మాత్రం ఇంకా ఉంది. ఆ నెలలన్నీ తర్వాత కోర్టులో “బిడ్డ రెండేళ్లుగా మా దగ్గరే పెరిగింది, ఇప్పుడు కదిలిస్తే తట్టుకోలేదు” అనే వాదనగా తిరిగొస్తాయి. కాబట్టి వైద్యం జరుగుతుండగానే బిడ్డను చూసే ఏర్పాటు కోసం పిటిషన్ వేయాలి. కోలుకున్నాక మళ్లీ కోర్టుకు పోవచ్చు. మద్రాసు నుంచి వెళ్లిన ఒక కేసులో 1973లోనే సుప్రీంకోర్టు బిడ్డ సంరక్షణపై ఇచ్చే ఉత్తర్వులు శాశ్వతం కావని, పరిస్థితి మారితే మార్చవచ్చని చెప్పింది.

బాలింతల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కాన్పయిన మొదటి రెండు వారాల్లో కొందరికి హఠాత్తుగా మనసు తీవ్రంగా చెదురుతుంది. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు ఇది. వెంటనే చూపిస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. ఆస్పత్రిలో ఉన్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరుచేయకూడదని 2017 చట్టం 21వ సెక్షన్ అంటుంది. అపాయం ఉందని వేరుచేస్తే 15 రోజులకోసారి ఆ నిర్ణయాన్ని తిరిగి చూడాలి, 30 రోజులు దాటితే మానసిక ఆరోగ్య అథారిటీ అనుమతి కావాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచే తల్లీబిడ్డలను కలిపి ఉంచి వైద్యం చేసే వార్డు ఉంది. మన దగ్గరేమో పురుడు పోసిన గదిలోంచే బిడ్డను నాయనమ్మ చేతికిచ్చి తల్లిని వేరే ఊరికి పంపేస్తాం.

ఇక కేసు ఎక్కడ వేయాలన్న సంగతి. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్‌కు సుమారు 50 కిలోమీటర్లు. ఈ రెండు ఊళ్ల మధ్య సంబంధాలు లెక్కలేనన్ని. కేసు మాత్రం బిడ్డ మామూలుగా ఉండే చోటే వేయాలి. విరుదునగర్ జిల్లా ప్రధాన కోర్టు శ్రీవిల్లిపుత్తూరులో ఉంది, కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లాలోకి వస్తుంది. రాత్రికి రాత్రి బిడ్డను సాత్తూరు దాటించి ఊరు మార్చినంత మాత్రాన కోర్టు కళ్లుమూసుకోదు. జడ్జి బిడ్డతో విడిగా మాట్లాడేటప్పుడు బడి భాష తమిళమైనా ఇంటి భాష తెలుగని వకీలు ముందే చెప్పాలి. భయపడిన పిల్లలు అమ్మ భాషలోకే జారిపోతారు.

చివరిగా, పంచాయితీలో కూర్చునే పెద్దలకు ఒక మనవి. తల్లికి మతి సరిలేదు గనక బిడ్డపై హక్కు వదులుకుంటోందని స్టాంపు కాగితం మీద రాయించడం ఇకనైనా ఆపండి. అలాంటి కాగితం కోర్టును కట్టిపడేయదు. ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లు ఈ సభలో ఉంటే, అంతా అయిపోయిందనుకోవద్దు. 1890 చట్టం 25వ సెక్షన్ కింద ఇప్పటికీ పిటిషన్ వేయవచ్చు. ఆ కాగితం నకలు, ఆస్పత్రి పుస్తకం రెండూ తీసుకురండి.