అప్పు తీరితే కాగితం తీసుకోండి

ఖజానా బాకీకి మన నేలకొండపల్లి గోపన్నగారు గోల్కొండ చెరసాల చూశారు. ఇప్పుడు 1920 నాటి దివాలా చట్టం ఉంది.

మా అబ్బాయి ఎరువుల కొట్టు మునిగి ఐ.పి. పెట్టాడు. అప్పులవాళ్లు నా పెన్షన్ అడిగారు. మిత్రులారా, జామీను సంతకం చేయనిదే ఎదిగిన కొడుకు చేసిన అప్పు తండ్రిది కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ పెన్షన్‌ను కోర్టు కూడా జప్తు చేయరాదు.

అయినా హమాలీల కూలి బాకీ నా పెన్షన్‌లోంచే తీర్చాను. వాళ్ల ఇంట్లో పొయ్యి వెలగాలి కదా!

అప్పు తీరితే నోటు వెనక్కి తీసుకోండి. బ్యాంకులో బాకీ లేదన్న పత్రం అడగండి. ఏటా ఒకసారి ఉచితంగా వచ్చే క్రెడిట్ రిపోర్టు చూసుకోండి. మొహం చాటేస్తే పరపతి తిరిగి రాదు. సెలవు.