మాగాణిలోని లోహములు



లోహమనగానే బిందెయు, కొడవలియు, గునపమును జ్ఞప్తికి వచ్చుట సహజము. కంటికి గనబడక మన మాగాణిలో నుండి పైరును పోషించు లోహములును గలవు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన నాటనుండి కాలువనీట వరి పండించుచున్న తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారు వానిలో రెంటిని ముఖ్యముగా నెఱుగవలెను. ఒకటి ఇనుము, రెండవది యశదము. దీనినే రైతులు జింకు అందురు.

రసాయన శాస్త్రజ్ఞులు మూలకములను సంఖ్యాక్రమమున వరుసగా గూర్చిరి. అందు 21వదియగు స్కాండియము మొదలు 29వదియగు రాగి వఱకు గల లోహములకు పరివర్తన లోహములని పేరు. ఇనుము 26వది. వీని పరమాణువులు వెలుపలి కక్ష్యలోని ఎలక్ట్రానులనే గాక, లోపలి కక్ష్యలోని వానిని గూడ వినియోగించును. అందుచేత ఒకే లోహము పలు స్థితులను బొందును. స్థితి మారిన రంగును మారును.

ఎండిన చేనిలో ఇనుము గాలి సోకి, మూడు ఎలక్ట్రానులు గోల్పోయి, తుప్పువలె ఎఱ్ఱగా నుండును, నీట కరగదు. దమ్ముచేసి నీరు నిలిపినపుడు మట్టిలోని సూక్ష్మజీవులు ప్రాణవాయువును కొలది దినములలోనే హరించును. పిదప అవియే ఇనుమునకు ఒక ఎలక్ట్రానును మరల నిచ్చి, నీట కరగు స్థితికి దెచ్చును. అప్పుడు అడుగుమన్ను బూడిదవన్నె దాల్చును.

వరిమొక్క ఆకులనుండి వేళ్లకు గాలిని బంపును. ఆ గాలి తగిలి, కరగిన ఇనుము వేరిపై ఎఱ్ఱని పూతగా నేర్పడును. అది మేలైన గుర్తు. వేళ్లు నల్లబడి కుళ్లిన గ్రుడ్డు వాసన కొట్టినచో, గాలి చాలలేదనియు, ఇనుము గంధకముతో గూడినదనియు గ్రహించి, నీరు తీసి చేను ఆరగట్టవలెను.

ఇనుము తన మార్పును రంగుచే దెలుపును. యశద మట్లు తెలుపదు. అది 30వది, దాని లోపలి కక్ష్య పది ఎలక్ట్రానులతో నిండియుండును. అందుచే దానికి ఒకే స్థితి; దాని లవణములు సాధారణముగా తెల్లనివి. మట్టి రంగును జూచి దాని కొఱతను గుర్తింపజాలము. ఎడతెగక నీరు నిలిచిన నేలలోను, సున్నము హెచ్చుగా నున్న నేలలోను, భాస్వరపు ఎరువు మితిమీరినచోటను అది పైరున కందదు.

ఆ కొఱతను ఆకు చెప్పును. నాటిన రెండు మొదలు నాలుగు వారములలో ముదురాకులపై నడిమి ఈనెకు ఇరుప్రక్కల తుప్పురంగు మచ్చలు పుట్టును. ఆకు పెళుసై, వంచగానే విఱుగును. ఉత్తరదేశమున ఖైరా యని పిలువబడిన ఈ జాడ్యమునకు యశద లోపమే కారణమని 1966లో పంత్‌నగర వ్యవసాయ విశ్వవిద్యాలయమున నిరూపించిరి. ఇది తెగులు కాదు, పైరు ఆకలి. తెగులని మందు చల్లినచో ధనము పోవును, పైరు కోలుకొనదు.

లోపమున్న నేలకు ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటును దమ్ములో వేయవలెను. నిలిచిన పైరుపై లోపము గనబడినచో లీటరు నీటికి 2 గ్రాముల వంతున గలిపి, ఐదు దినముల కొకమాఱు, రెండు మూడు సారులు చల్లవలెను. భాస్వరపు ఎరువుతో దీనిని గలుపరాదు. ముందుగా నేలను పరీక్ష చేయించుట ఉత్తమము.

గ్రామపెద్దలగు మీరు పడుచు రైతులకు ఈ మాట చెప్పుడు: మందుసీసా మూత తీయకమునుపు ఒక మొక్కను పెఱికి, వేరిని, ఆకును పరికింపవలెను.