హుఫూఫ్ ఇసుక తిన్నెల్లో ఒక తోవ
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బడిపంతులుని. మా తాతగారు విశాఖపట్నం జిల్లా నుంచి ఓడ ఎక్కి నేటాల్ చెరకు తోటలకు వచ్చారు. నేను మూడవ తరం వాణ్ణి. నాకు వచ్చిన తెలుగు సాయంకాలపు తరగతిలో వచ్చిన తెలుగు. ముప్పై ఐదేళ్ళు దాటిన తరువాత పలక పట్టిన వాడి తెలుగు ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. తప్పులుంటే నవ్వండి, కాని సభ అయిన తరువాత నవ్వండి.

కార్యదర్శిగారు నన్ను సౌదీ అరేబియా అనుభవాలు చెప్పమన్నారు. ఇసుకలో జీపు నడపడం గురించి చెబుతానన్నాను. ఆయన ఒక క్షణం ఊరుకుని, "అది సంస్కృతి కిందికి వస్తుందా మాస్టారూ?" అన్నారు. వస్తుందో రాదో మీరే విని చెప్పండి.

2012 నుంచి 2019 వరకు నేను హుఫూఫ్‌లో ఒక పాఠశాలలో ఇంగ్లీషు చెప్పాను. హుఫూఫ్ అల్ అహ్సా ఒయాసిస్సుకు ముఖ్యపట్టణం. ఎడారి అంటే ఇసుక తప్ప ఏమీ ఉండదని అనుకుంటూ వెళ్ళాను. అక్కడ 25 లక్షల ఖర్జూరపు చెట్లున్నాయి. 2018లో యునెస్కో ఆ ఒయాసిస్సును ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. మన వాళ్ళకు బంగినపల్లి మామిడి ఎంతో, వాళ్ళకు ఖలాస్ ఖర్జూరం అంత. ఊరి పక్కన జబల్ అల్ ఖారా అనే కొండ గుహల్లో నడి వేసవిలో కూడా చల్లగా ఉంటుంది. ఇక్కడ ఒయాసిస్సు, అటు పడమరగా పోతే గవార్ చమురు క్షేత్రం. ప్రపంచంలో అంత పెద్దది మరొకటి లేదంటారు.

ఈ పచ్చదనం ఉత్తినే నిలవలేదు. ఉత్తరపు గాలి ఇసుకను తోసుకుని వచ్చి తోటలను, పల్లెలను కప్పేస్తుంటే, 1962లో ఇసుకను ఆపే పథకం ఒకటి మొదలు పెట్టి వరుసలు వరుసలుగా చెట్లు నాటారు. అంటే అక్కడ ఒక్కొక్క పొద కాపలావాడన్న మాట. ఈ సంగతి నాకు మొదట తెలియదు. తెలియక ఎన్ని పొదల మీదుగా బండి తోలానో!

హుఫూఫ్‌కు తూర్పున, ఉఖైర్ పాత రేవు వైపు వెళ్ళే దారిలో ఇసుక తిన్నెలు మొదలవుతాయి. ఒయాసిస్సు పొలాల నుంచి మురుగు కాలువల్లో పారిన నీరు చేరి, ఆ తిన్నెల మధ్య అల్ అస్ఫర్ అనే చెరువు అయింది. చలికాలంలో దూరదేశాల పక్షులు వచ్చి దిగుతాయి. శుక్రవారం వచ్చిందంటే ఆ ఊరి కుర్రవాళ్ళు బళ్ళు తీసి తిన్నెలెక్కిస్తారు. మా పాఠశాల ఉపాధ్యాయులం కూడా మూడు ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళలో వెళ్ళేవాళ్ళం. టైర్లలో గాలి 35 పౌండ్ల నుంచి 15 పౌండ్లకు దించుతాం. అప్పుడు టైరు ఒంటె పాదంలాగా వెడల్పుగా పరుచుకుని ఇసుకలో కూరుకుపోదు. ఎంత ఆనందమో చెప్పలేను. యాభై దాటిన వాణ్ణి పద్నాలుగేళ్ళ పిల్లవాడినయ్యాను. ఈ ఆనందం తప్పని చెప్పడానికి నేను రాలేదు.

ఇక అసలు విషయం. ఇసుక తిన్నెకు రెండు ముఖాలు. గాలి వచ్చే వైపు వాలు మెల్లగా ఎక్కుతుంది. గాలి పోయే వైపు గోడలాగా నిటారుగా దిగుతుంది. బండి మెల్లని వాలు మీదుగా ఎక్కాలి. ఆగితే కూరుకుపోతుంది కనుక వేగంగా ఎక్కాలి. పైకి చేరేటప్పుడు ముందు అద్దంలో ఆకాశం తప్ప ఏమీ కనబడదు. అవతల ఏముందో తెలియదు.

అవతల ఏముంటుంది? చలికాలపు ఉత్తరపు గాలి ఎముకలు కొరుకుతుంది. ఆ గాలికి తట్టుకోలేని ప్రాణి ఏదైనా ఎక్కడ కూర్చుంటుంది? తిన్నె చాటున, ఆ నిటారు వైపు నీడన. కాపరి గుడారం అక్కడే. ఈనిన ఒంటె అక్కడే. పిల్లలతో వచ్చి చాప పరుచుకుని టీ కాచుకునే కుటుంబమూ అక్కడే. నడిపేవాడికి కనబడని చోటే అందరూ ఉండే చోటు. నాలుగేళ్ళు ఇసుకలో తిరిగినా ఈ చిన్న లెక్క నా తలకు తట్టలేదు. నేను లెక్కల మాస్టారిని కాను గాని, ఇది లెక్క కాదు కదా.

2016 జనవరిలో ఒక శుక్రవారం నా బండి ముందు ఉంది. ఒక తిన్నె శిఖరం దాటేసరికి కింద ఒక తల్లి ఒంటె పడుకుని ఉంది. పక్కన ఇంకా కాళ్ళు నిలవని పిల్ల. స్టీరింగు తిప్పాను. తిప్పకూడదని పుస్తకం చెబుతుంది, వాలు మీద అడ్డం తిరిగితే బండి దొర్లుతుంది. దేవుడి దయవల్ల దొర్లలేదు. పక్కకు జారుకుంటూ పోయి, నీళ్ళ ట్యాంకు నుంచి తొట్టికి వెళ్ళే గొట్టాన్ని, దాని కుళాయిని విరగ్గొట్టి ఆగింది.

ట్యాంకులోని నీళ్ళన్నీ కళ్ళ ముందే ఇసుకలోకి పోయాయి. చెయ్యి అడ్డం పెట్టాను. బట్ట కుక్కాను. నీళ్ళు ఆగలేదు.

గుడారంలో నుంచి ఒక మనిషి పరుగెత్తుకుని వచ్చాడు. ముందు ఒంటె పిల్లను చూశాడు, తరువాత ట్యాంకును చూశాడు, ఆ తరువాత నన్ను చూశాడు. అరబ్బీలో ఏదో అన్నాడు. నేను ఇంగ్లీషులో ఏదో అన్నాను. అతడు తల తిప్పుకుని, తనలో తాను, "కండ్లు నెత్తికెక్కినయ్ వీళ్ళకు" అన్నాడు.

నా చెవులను నేను నమ్మలేదు. "క్షమించండి" అన్నాను. తరగతిలో నేర్చుకున్న మాట అదొక్కటే నోటికి వచ్చింది. అతడు బండిని, నన్ను మార్చి మార్చి చూసి, "మనోళ్ళా? ఏ జిల్లా సార్ మీది?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. మా తాతగారిది విశాఖపట్నం అన్నాను. మీది ఏ ఊరు అంటే డర్బన్ అన్నాను. అది ఎక్కడుందో ఇసుకలో వేలితో గీసి చూపించాను. అతడిది కరీంనగర్ వైపు. పేరు చెప్పను, ఎందుకంటే ఆయన ఇంకా పని చేసుకుంటున్న మనిషి. వీసా ఇచ్చిన ఏజెంటు తోట పని అన్నాడట. వచ్చి చూస్తే ఒంటెలు. మూడేళ్ళుగా ఇంటికి వెళ్ళలేదు. పెద్ద కూతురు పదవ తరగతి.

"నీళ్ళ బండి ఎల్లుండి గాని రాదు సారూ. ఇరవై ఏడు ఒంటెలున్నయ్" అన్నాడు. చలికాలంలో ఒంటె చాలా రోజులు ఓర్చుకుంటుంది గాని పాలిచ్చే ఒంటె ఓర్చుకోదు. అంతకంటె ముఖ్యం, ఆ మనిషి తాగే నీళ్ళూ ఆ ట్యాంకులోనివే. నీళ్ళు పోయాయని యజమానికి తెలిస్తే ఎవరి జీతంలో కోత పడుతుందో అడగనవసరం లేదు.

మా దగ్గర ఉన్న సీసాల నీళ్ళన్నీ ఇచ్చాము. ఊళ్ళోకి వెళ్ళి గొట్టం, కుళాయి కొని, నీళ్ళ ట్యాంకరు ఒకటి మాట్లాడుకుని తిరిగి బయలుదేరేసరికి చీకటి పడింది. తిన్నెల మీదుగా ట్యాంకరు రాదు. ఏ వైపు నుంచి రావాలని ఫోనులో అడిగితే, "ఆ తుమ్మచెట్టు కాడికెల్లి తొవ్వ ఉన్నది సారూ, తొవ్వ ఇడిచి రాకుండ్రి" అన్నాడు.

తొవ్వ! మా నాయనమ్మ "తోవ" అనేది. చెరకు తోటలో మా ఇంటి నుంచి మిల్లుకు పోయే బాటను తోవ అనేది. సాయంకాలపు తరగతిలో నేను తోవ అని రాస్తే మా గురువుగారు కొట్టివేసి మార్గము అని దిద్దారు. అది పాతకాలపు కూలీల మాట అనుకుని నేనే వదిలేశాను. ఆ మాట తెలంగాణ మనిషి నోట, అరబ్బు ఎడారిలో, నా తప్పును దిద్దుకోవడానికి దారి చూపిస్తూ వచ్చింది. ట్యాంకరు డ్రైవరు పక్కన కూర్చుని నేను కళ్ళు తుడుచుకుంటే, పాపం ఆ పఠాను దుమ్ము పడిందనుకుని అద్దం ఎక్కించాడు.

తరువాత నెలల్లో నేను చాలా శుక్రవారాలు అక్కడికి వెళ్ళాను. చక్రాల మీద కాదు, బండి రోడ్డు పక్కన పెట్టి నడిచి. ఆయన నాకు ఎడారి చదవడం నేర్పాడు. గులకరాళ్ళు పరిచినట్టుండే చదును నేల గట్టిగా కనబడుతుంది గాని దాని పైపొర చాలా పలుచన. చక్రం ఆ పొరను పగలగొడితే కింది దుమ్ము గాలికి లేచిపోతుంది, మళ్ళీ అతుక్కోదు. ఇది కాపరి మాట మాత్రమే కాదు. అమెరికాలో మొహావీ ఎడారిలో 1942లో సైన్యం శిక్షణ కోసం నడిపిన ట్యాంకుల జాడలు ఇవాళ్టికీ కనబడుతున్నాయి. 1991 యుద్ధం తరువాత కువైట్ ఎడారిలోనూ నేల అట్లాగే చితికిపోయింది. తిన్నె మీది జాడను మాత్రం గాలి రెండు రోజుల్లో తుడిచేస్తుంది. కాబట్టి ఆడుకోవాలంటే ఒట్టి ఇసుక మీద ఆడుకోవాలి, చదును నేల మీద ఉన్న జాడలోనే పోవాలి. పక్కన ఇంకో కొత్త జాడ వెయ్యకూడదు. ఒక బాట గతుకులు పడిందని పక్కన ఒకటి, అదీ పడిందని ఇంకొకటి, ఇట్లా ఒక్క తోవ ఇరవై తోవలై, మధ్యలో గడ్డి అన్నది లేకుండా పోయిన చోట్లు నాకు చూపించాడు. ఆ గడ్డి కోసం ఆయన ఒంటెలు ఇంకో పది కిలోమీటర్లు నడవాలి.

ప్లాస్టిక్ సంచుల సంగతి కూడా ఆయనే చెప్పాడు. ఉప్పు వాసనకు ఒంటె సంచిని మింగుతుంది, అది కడుపులో రాయి అవుతుంది అన్నాడు. నేను సగమే నమ్మాను. దుబాయిలో పశువైద్యులు 2008 నుంచి 300 పైగా చనిపోయిన ఒంటెల కడుపుల్లో అటువంటి ప్లాస్టిక్ ముద్దలు చూశారని తరువాత చదివాను.

మా బృందంలో దీని మీద గొడవే జరిగింది. "ఎడారి ఎవరి సొత్తూ కాదు, అందరిదీ" అన్నాడు ఒక సహోద్యోగి. నిజమే. రాత్రిపూట నల్ల ఒంటెలను పెద్ద రోడ్ల మీదికి వదిలేసే యజమానులూ ఉన్నారు. వాటిని గుద్దుకుని కార్లలోని కుటుంబాలకు కుటుంబాలే పోయాయి. తప్పు ఒక వైపే లేదు. కాని మనం సాయంత్రం ఇంటికి పోతాం, అతడు అక్కడే పడుకుంటాడు అన్నాను నేను. చివరకు ఒక ఒప్పందానికి వచ్చాం. ముందు బండి శిఖరానికి కొంచెం కింద ఆగాలి, ఒక మనిషి దిగి నడిచి పైకెక్కి అవతల చూసి చెయ్యి ఊపాలి, అప్పుడే తక్కిన బళ్ళు. ప్రతి బండికి పొడుగు కర్రకు ఎర్ర జెండా, అవతలి వాళ్ళకు ముందే కనబడేటట్టు. గుడారం కనబడితే గాలికి ఏ వైపు ఉన్నామో చూసుకుని, వాళ్ళ అన్నంలో మన దుమ్ము పడకుండా దూరంగా చుట్టి పోవాలి. ఒంటెలు నడుస్తుంటే ఇంజను ఆపాలి. ఇద్దరు మిత్రులు ఇది ఆట కాదని మానేశారు. మిగిలిన వాళ్ళం ఆడుతూనే ఉన్నాం. ఒకసారి శిఖరం మీదికి నడిచి వెళ్ళిన ఆయన అవతల ఆరుగురు పిల్లలు ఇసుకలో జారుడుబండ ఆడుతున్నారని వెనక్కు వచ్చాడు. ఆనాడు ఎవరమూ తిన్నె దాటలేదు.

సౌదీలో 2020లో కొత్త పర్యావరణ చట్టం వచ్చింది. పచ్చిక మీద, పొదల మీద బళ్ళు తోలితే జరిమానా. పొయ్యి కోసం అక్కడి చెట్లు కొట్టినా జరిమానా. దానికోసం ప్రత్యేక దళమే తిరుగుతున్నది. మంచిదే. కాని శిఖరం అవతల ఎవరున్నారో దళం వచ్చి చెప్పదు.

మన దేశం సంగతి మీకు తెలుసు. సముద్రపు ఒడ్డున సరదాకు బళ్ళు నడపడాన్ని 2002 జనవరి నుంచి నిషేధించారు. అప్పట్లో చేపల గాలాలు పట్టుకుని జీపుల్లో వెళ్ళే మన వాళ్ళే ఎంత తిట్టారో నాకు గుర్తుంది. నేనూ తిట్టాను. ఆ తరువాత ఇసుకలో గుడ్లు పెట్టే నల్ల ఆయిస్టర్‌క్యాచర్ పక్షులు పెరిగాయి. నిషేధం వచ్చినప్పుడు ఏడ్చాం గాని, నిషేధం వచ్చేదాకా మనలో ఎవరమూ బండి దిగి గుడ్లు ఎక్కడున్నాయో చూడలేదు.

ఇప్పుడు మన కుర్రవాళ్ళు క్వాడ్ బైకులు కొంటున్నారు. ఆదివారం చెరకు తోటల బాటల్లో తోలుతున్నారు. సానీ కనుమ ఎక్కి లెసోతో దాకా వెళ్ళి ఫొటోలు తీసుకుంటున్నారు. ఆ కనుమలో దుప్పటి కప్పుకుని, గాడిద మీద మూట వేసుకుని నడిచే బసూతో మనిషి మీ ఫొటోలో వెనకాల చిన్నగా పడతాడు. మీ దుమ్ము ఆయన మీద పడుతుంది. చెరకు బాటలో తల మీద నీళ్ళ డబ్బాతో నడిచే జూలూ తల్లి కూడా అంతే. తోట ఓవర్సీరు కారు వస్తే మా నాయనమ్మ మా తండ్రిని చంకనేసుకుని చెరకులోకి దూకేదట. ఆకులు మొహం కోసేవి. ఆ కారులో ఉన్నవాడు చెడ్డవాడని ఆమె ఎప్పుడూ అనలేదు. "వాడికి మేము కనపడము నాయనా" అనేది.

గత నెలలో నా తమ్ముడి మనవడు కొత్త క్వాడ్ తెచ్చి నాకు చూపించాడు. జెండా లేదు. నా దగ్గర హుఫూఫ్ నుంచి తెచ్చుకున్న ఎర్ర జెండా ఉంది, ఎండకు వెలిసి గులాబీ రంగు తిరిగింది. అది కట్టి ఇచ్చాను. వాడికి నచ్చలేదు, స్నేహితులు నవ్వుతారట. కట్టుకునే వెళ్ళాడు.

ఆ కరీంనగర్ తమ్ముడు 2018లో ఇల్లు చేరాడు. కూతురు ఇప్పుడు నర్సు. పండుగలకు ఫోను చేస్తాడు. నా తెలుగు బాగుపడిందని అంటాడు. "మార్గము అనుడు బంద్ చేసినవ్ సారూ" అంటాడు.