జాబితాలో లేని ఊళ్లు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి చెప్పవలసినదంతా నాకు ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. నాకిచ్చిన పది నిమిషాలూ శివారు పల్లెల గురించి మాట్లాడతాను.

రెవెన్యూలో పనిచేసినవారికి తెలిసిన సంగతే, పిల్లల కోసం చెబుతున్నాను. రెవెన్యూ గ్రామం అంటే దానికో పేరు, హద్దులు, సర్వే నంబర్లు, అడంగలు ఉంటాయి. ఆ హద్దుల లోపలే, అసలు ఊరికి మైలో రెండు మైళ్లో ఎడంగా, పాతిక ముప్ఫై గడపలు వెలుస్తాయి. దాన్ని మా కృష్ణా జిల్లాలో శివారు అంటాం. తెలంగాణలో మజరా అంటారు. దానికి వేరే లెక్కలుండవు. జనాభా లెక్కల పుస్తకంలో కూడా అక్కడి జనం పెద్ద ఊరి అంకెలో కలిసిపోతారు. రేషనుకు నడక, ఉత్తరానికి నడక, కరణంగారి సంతకానికీ నడకే.

దివిసీమ వైపు వెళితే ఈ పల్లెల పేర్లే నేల సంగతి చెబుతాయి. ఇసుక మేటవేసి మెరకైతే తిప్ప, ఎత్తయిన చోట ఇళ్లు కట్టుకుంటే దిబ్బ, ఏటి మధ్య మిగిలిన నేల లంక, ఏరు సముద్రంలో కలిసే చోటు మొగ. పాలకాయతిప్ప, ఈలచెట్లదిబ్బ, ఏటిమొగ అలా వచ్చిన పేర్లే. చేపల వేట, కాస్త చేను, తాటాకు ఇల్లు. ఎదురుమొండి వెళ్లాలంటే చాలాకాలం ఏటిమొగ రేవులో పంటు ఎక్కడమే దారి. పంటు దాటిపోతే ఆ పూట ఇక రేవులోనే. పటం గీసినవారి కంటే ఈ పేర్లు పెట్టిన బెస్తవారికే ఆ నేల బాగా తెలుసునని నా అభిప్రాయం.

ఇక అసలు సంగతి. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. చనిపోయినవారు సుమారు 10 వేలమంది అని లెక్కలు చెబుతాయి. నేనప్పుడు పక్క తాలూకాలో ఎల్.డి.సి.ని, 26 ఏళ్లవాణ్ణి. సహాయ కార్యక్రమాలకు డెప్యుటేషన్ మీద వేశారు. నాకు అప్పగించిన పని మృతుల జాబితా రాయడం.

ఫారం మీద గ్రామం పేరు గడి ఉంది, శివారుకు గడి లేదు. మాకు ఇచ్చిన కాగితాల్లో ఆ పల్లె జనం ఎందరో ఎక్కడా విడిగా లేదు. చివరికి ఓటర్ల జాబితా తెచ్చుకున్నాం. ఆ ఏడాది మార్చిలోనే లోక్‌సభ ఎన్నికలు జరిగాయి కాబట్టి పేర్లు బాగానే ఉన్నాయి. అయితే ఆ రోజుల్లో ఓటు వయసు 21. దాన్ని 18 చేసింది తర్వాత, 1989లో. అంటే 20 ఏళ్ల కుర్రవాడి దగ్గర్నుంచి చంటిబిడ్డ వరకు ఎవరూ ఆ కాగితంలో లేరు. బడికి వెళ్లిన పిల్లల పేర్లు బడి రిజిస్టరులో దొరకాలి. బడి ఉంటే కదా! ఉన్నచోట రిజిస్టరు కొట్టుకుపోయింది.

ఒక పల్లెలో ఇళ్లే లేవు, బురదలో గుంజల మొదళ్లు మిగిలాయి. ఒక ముసలమ్మ తాడిచెట్టు పట్టుకుని బతికిందట. "రాసుకో నాయనా" అని తూర్పు కొస నుంచి మొదలుపెట్టింది. ఈ ఇల్లు ఫలానావాళ్లది, ఇంత మంది, పెద్దపిల్ల పేరిది, చంటిదానికి ఇంకా పేరు పెట్టలేదు, ఇలా గడప గడపకూ చెప్పింది. తన ఇంటి దగ్గరకొచ్చాక కాసేపు ఆగి, ఆ పేర్లూ చెప్పింది. పేరు పెట్టని బిడ్డలను "పాప", "బాబు" అని రాశాను. ఏ గ్రామం గడిలో వేయాలని పైవారిని అడిగితే పెద్ద ఊరి పేరు వేయమన్నారు. వేశాను. పల్లె పేరు మార్జినులో పెన్సిలుతో రాసిపెట్టాను. సాఫీ ప్రతిలో అది ఉండదని అప్పుడే తెలుసు.

తర్వాత చాలా మారింది. 1984లో కరణీకాలు పోయాయి, 1985లో మండలాలు వచ్చాయి. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డుకు లెక్క రెవెన్యూ గ్రామం కాదు, జనావాసం. మైదాన ప్రాంతంలో 500 మంది ఉంటే చాలన్నారు. నా దృష్టిలో శివారు పల్లెను కాగితం మీద గుర్తించిన పెద్ద పని అదే. 2018లో తెలంగాణలో ఎన్నో తండాలు పంచాయతీలయ్యాయి. 500 కూడా లేని పల్లెలు మాత్రం అలాగే ఉన్నాయి. కొన్నిటి నుంచి జనం వలసపోతున్నారు. ఆఖరి ఇల్లు ఖాళీ అయితే పేరూ పోతుంది.

మనలో రెవెన్యూవారున్నారు, బడిపంతుళ్లున్నారు, పంచాయతీవారు, ఆరోగ్య శాఖవారు ఉన్నారు. మనం సైకిళ్ల మీద తిరిగిన శివార్లు ఎన్నో. ఒక్కొక్కరు తమకు గుర్తున్న పల్లెల పేర్లు రాయండి. ఏ ఊరి శివారు, ఆనాడు ఎన్ని గడపలు, తాగే నీళ్లు ఎక్కడివి, ఆ పేరు ఎందుకొచ్చిందంటారు, అంతే. కళ్లు సరిగా కనిపించనివారు చెబితే మనవలు రాయండి. కార్యదర్శిగారు ఒక రెండు వందల పేజీల పుస్తకం కొన్నారు. అది కాఫీలిచ్చే బల్ల పక్కనే ఉంది. మొదటి పేజీలో నేను పదకొండు పేర్లు రాశాను. పెన్ను దారంతో కట్టి ఉంది, దయచేసి పట్టుకెళ్లకండి.

సెలవు.