కౌంటీ కోర్టు విడాకులు: ఏ కాగితం, ఎక్కడ?

అమెరికాలోని డాలస్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కొన్ని కాపురాలు కోర్టు దాకా వెళ్తాయి. టెక్సాస్‌లో విడాకులు కోరాలంటే దంపతుల్లో ఒకరైనా ఆ రాష్ట్రంలో 6 నెలలు, పిటిషన్ వేసే కౌంటీలో 90 రోజులు నివసించి ఉండాలి. పిటిషన్ డిస్ట్రిక్ట్ క్లర్క్ కార్యాలయంలో వేస్తారు. తర్వాత సాధారణంగా 60 రోజులు ఆగాలి. గృహహింస కేసుల్లో మినహాయింపు ఉంది. ఫీజు కట్టలేనివారు ఆ సంగతి ప్రమాణపూర్వకంగా రాసి ఇవ్వవచ్చు. చేతిలో డబ్బు లేదని ఏ ఆడపిల్లా దెబ్బలు భరించనక్కర్లేదు.

మరి పాత విడాకుల కాగితాలో? రాష్ట్ర ఆరోగ్యశాఖ 1968 నుంచి జరిగినవాటికి ధ్రువీకరణ లేఖ మాత్రమే ఇస్తుంది. డిక్రీ సర్టిఫైడ్ కాపీ కావాలంటే తీర్పు వచ్చిన కౌంటీలోని క్లర్క్‌నే అడగాలి.

ఆ కాపీ విలువేమిటో చెప్పే కేసు ఒకటుంది. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒకాయన, మిస్సోరీలోని సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో విడాకులు తీసుకుని, ఇండియాలో మళ్లీ పెళ్లి చేసుకున్నారని మొదటి భార్య కేసు పెట్టారు. 1991లో మన సుప్రీంకోర్టు ఆ డిక్రీని గుర్తించలేదు. విడాకులకు చూపిన కారణం హిందూ వివాహ చట్టంలో లేదు, భార్య ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోలేదు. అమెరికాలోని మన కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ లేనందున డిక్రీ ఫొటోస్టాట్ నకలు సాక్ష్యంగా చెల్లదనీ చెప్పింది. అందుకే అమెరికాలో విడాకులై ఇండియాలో పెళ్లి సంబంధం చూసుకునేవారు, ముహూర్తం పెట్టుకునే ముందే ఆ డిక్రీని ఇక్కడి వకీలుకు చూపించండి.