మన పాట ఏ బీరువాలో ఉంది?

(సంఘం సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

  జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల పిల్లలను ఒక్కచోట చూస్తుంటే సంతోషంగా ఉంది.

నేను హాస్టల్ వార్డెన్‌ని. పిల్లల తిండి, చదువు, జ్వరాలు చూసుకునే మనిషిని. పాట ఎట్లా పాడాలో మీకు నేను చెప్పక్కర్లేదు. పాట గురించి రాసింది ఎక్కడ దొరుకుతుందో, దాన్ని ఎట్లా వెతకాలో చెబుతాను.

ఎందుకు వెతకాలి? మణుగూరు వైపు కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు డోలి కొట్టి సమ్మక్క సారలమ్మల కథ, కోయ వంశాల చరిత్ర పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. 2024లో కన్నుమూశారు. అట్లాంటి గొంతు ఒకటి ఆగిపోతే ఎన్ని కథలు ఆగిపోతాయో ఆలోచించండి.

ఫోన్‌లో సమ్మక్క అని కొడితే డీజే పాటలు వస్తాయి. అవీ ఉండనీయండి, జాతరలో ఆడుకోండి. కానీ ఏ గట్టువాళ్ల ఇలవేల్పు ఎవరు, ఆ వేల్పు ఏ దారిన వచ్చింది, పగిడిద్దరాజు మన గంగారం మండలం పూనుగొండ్ల నుంచే ఎందుకు బయల్దేరతాడు అన్నవి డోలోళ్ల నోట్లో, పడిగె గుడ్డ మీది బొమ్మల్లో ఉన్నాయి. రేపు మన గురించి ఎవరైనా తప్పు రాస్తే "అది కాదు" అనడానికి మన చేతిలో ఆధారం ఉండాలి.

వెతకడంలో మొదటి సంగతి, పేర్లు. మనల్ని మనం పిలుచుకునే పేరుతో పుస్తకాల్లో మనం ఉండం. రాసినవాడు ఏ పేరు విన్నాడో ఆ పేరుతో ఉంటాం. కోయల కోసం వెతికేవాళ్లు కోయ, కోయి, కోయ్, కోయితూర్, డోలికోయ, దొర్ల, ఇవన్నీ కొట్టి చూడాలి. గ్రియర్సన్ భాషా సర్వేలో మన కోయ మాటను గోండి భాషకు యాసగా లెక్కేశారు. కాబట్టి గోండి కింద కూడా చూడాలి. లంబాడా పిల్లలు లంబాడీ, బంజారా, సుగాలీ, బ్రింజారీ అన్నీ చూడాలి. 1909లో వచ్చిన థర్‌స్టన్ కులాలు–తెగల పుస్తకం ఏడు సంపుటాలు. అందులో కోయ అని వెతికితే దొరకదు, నాలుగో సంపుటంలో "కోయి" అని ఉంటుంది. "లంబాడీ" కూడా అదే సంపుటంలో ఉంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదవొచ్చు. ఊరి పేర్లకూ ఇదే కథ. దుమ్ముగూడెంలో ఉన్న కెయిన్ అనే మిషనరీ 1870ల్లో ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో ఆ ప్రాంతం గురించి రాశాడు. అందులో భద్రాచలం స్పెల్లింగులో ఎల్ అక్షరం రెండుసార్లు ఉంటుంది. ఒక్క అక్షరం దగ్గర వెతుకులాట ఆగిపోవద్దు.

రెండో సంగతి, బీరువా. డ్యూయీ పద్ధతి పాటించే గ్రంథాలయంలో జానపద సంగీతం 781.62 దగ్గర ఉంటుంది. అక్కడ మన పాట కనబడకపోతే లేదనుకోవద్దు. జానపద విజ్ఞానం 398 దగ్గర, జాతులు, తెగల పుస్తకాలు 305.8 దగ్గర ఉంటాయి. మన పాటను సంగీతం అని లెక్కపెట్టినవాళ్లు తక్కువ. మతం, ఆచారం, తెగ అనే అరల్లోకి నెట్టారు. అందుకే పెళ్లి అధ్యాయంలో ఒక పేరా, చావు అధ్యాయంలో ఒక పేరా, జాతర దగ్గర ఒక ఫుట్‌నోట్ దొరుకుతాయి. పెద్ద గ్రంథాలయంలో అడిగేటప్పుడు "ఎత్నోమ్యూజికాలజీ" అనే మాట వాడండి. తెగల, ప్రాంతాల సంగీతాన్ని చదివే శాస్త్రం అది. ప్రపంచ సంగీతంపై గార్లాండ్ విజ్ఞాన సర్వస్వం పది సంపుటాల్లో ఉంది, అయిదోది దక్షిణాసియాది.

మూడో సంగతి, చోట్లు. ముందు మీ జిల్లా కేంద్ర గ్రంథాలయానికి పోండి. తర్వాత వరంగల్. తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం అక్కడే ఉంది, కాకతీయ విశ్వవిద్యాలయమూ ఉంది. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో గిరిజన సంస్కృతి పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది. బస్సు ఛార్జీ లేనివాళ్లు ఫోన్‌లోనే "శోధ్‌గంగ" తెరవండి. దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు అందులో పెడతారు. ఒక గ్రంథం దొరికితే వెనక పేజీల్లోని ఆధార గ్రంథాల పట్టిక ముందు చదవండి. ఒక పుస్తకం పది పుస్తకాల దారి చూపుతుంది. కోయ డోలి కథలు, ఆదిమ వాద్యాల మీద జయధీర్ తిరుమలరావు గారు చేసిన పని కూడా చూడండి. ఆదిలాబాద్ గోండుల దగ్గర ప్రధాన్లు పాడే కథలు హైమెండార్ఫ్ 1948లో అచ్చేసిన రాజ్‌గోండుల పుస్తకంలో ఉన్నాయి. మన పాటకూ అంత పని జరగాలని చెప్పడానికే దాని పేరెత్తాను.

నాలుగో సంగతి, దొరికిందంతా నిజం అనుకోవద్దు. ప్రతి పుస్తకాన్ని మూడు ప్రశ్నలు అడగండి. రాసినవాడు ఎవరు, ఎందుకొచ్చాడు? ఎవరి నోట విన్నాడు? పాడినవాళ్ల పేరు, ఊరు రాశాడా? మిషనరీ తన పని మీద వచ్చాడు, అధికారి తన లెక్కల కోసం వచ్చాడు. వాళ్లు మనల్ని చిన్నచూపు చూసిన మాటలు కనబడతాయి, మనసు కష్టపెట్టుకోవద్దు. వివరం తీసుకొని, ఆ మాటను అక్కడే వదిలేయండి.

ఇక అన్నిటికన్నా పెద్దది. పుస్తకంలో దొరికిన పేరాను ఊరికి తీసుకొచ్చి పెద్దలకు చదివి వినిపించండి. "ఇది నిజమేనా తాతా?" అని అడగండి. ఆయన నవ్వి తప్పు చెప్పవచ్చు, మరచిపోయిన చరణం గుర్తుకు రావచ్చు. ఆయన చెప్పింది రాసుకోండి. తేదీ, ఊరు, పాడినవారి పేరు, భాష, సందర్భం, డోలి, అక్కుం, తూతకొమ్ముల్లో ఏది మోగిందో, తండాలో అయితే నంగారానో పళ్లెమో, అన్నీ రాయండి. రికార్డు చేసే ముందు అనుమతి అడగండి. కొన్ని పాటలు ఆ వేళకే, ఆ వేల్పు ముందే పాడాలి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకోండి. పాడినవారికి చెప్పకుండా యూట్యూబ్‌లో పెట్టడం వాళ్ల ఇంట్లో వస్తువు ఎత్తుకురావడమే.

మా హాస్టల్లో డిగ్రీ చదివే ఒక బిడ్డ "మేడమ్, ఇవన్నీ చేస్తే ఉద్యోగం వస్తుందా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. రావచ్చు, రాకపోవచ్చు అన్నాను. కానీ వెతకడం, పోల్చడం, రుజువు అడగడం వచ్చిన పిల్ల ఏ పరీక్షలోనూ, ఏ ఆఫీసులోనూ తడబడదు. అదీ చెప్పాను.

మీలో ప్రతి ఒక్కరూ ఈ ఏడాది చేయాల్సింది చిన్న పని. ఒక పుస్తకంలో మన పాట ఉన్న ఒక పేజీ వెతకండి. ఒక పెద్దమనిషి దగ్గర కూర్చొని దాన్ని సరిచూడండి. రెండూ కలిపి ఒక నోటుబుక్కులో రాసి సంఘానికి ఇవ్వండి. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది. పాడే పెద్దలు అన్నేళ్లు మన కోసం ఆగుతారన్న నమ్మకం లేదు. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.