ఫోన్‌లో కనిపించే 5 గిగాహెర్ట్జ్ వైఫై లాప్‌టాప్‌లో ఎందుకు కనిపించదు?

రామంతాపూర్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. ఓయూలో పీజీ చేస్తున్నాడు. "అన్నా, రూమ్‌లో కొత్తగా ఫైబర్ కనెక్షన్ పెట్టించాం. 5 గిగాహెర్ట్జ్ వైఫై ఫోన్‌లో వస్తోంది, లాప్‌టాప్‌లో అసలు కనిపించట్లేదు. షాప్‌లో అడిగితే మదర్‌బోర్డ్ ప్రాబ్లమ్, కొత్తది కొనుక్కో అన్నారు. నాన్న అప్పు చేసైనా కొనిస్తా అంటున్నాడు" అని.

తమ్ముడూ, నాన్నని ఒక్కరోజు ఆగమను. ముందు ఒక కమాండ్ కొడదాం.

విండోస్ స్టార్ట్‌లో సీఎండీ అని టైప్ చేస్తే నల్ల స్క్రీన్ వస్తుంది. అందులో ఎన్‌ఈటీఎస్‌హెచ్, స్పేస్, డబ్ల్యూఎల్‌ఏఎన్, స్పేస్, షో, స్పేస్, డ్రైవర్స్. ఎంటర్. బోలెడు లైన్లు వస్తాయి. మనకి కావాల్సింది "రేడియో టైప్స్ సపోర్టెడ్" అనే ఒక్క లైన్. అక్కడ 802.11 పక్కన ఏ గానీ, ఏసీ గానీ ఉంటే మీ కార్డు 5 పట్టుకోగలదు. బీ, జీ, ఎన్ అని మూడే ఉంటే అది 2.4 కార్డు. అంతే.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఎన్ అనేది రెండు బ్యాండ్లలోనూ పనిచేసే స్టాండర్డ్. అందుకే "వైఫై ఎన్ ఉంది" అని డబ్బా మీద రాసుంటే 5 కూడా వస్తుంది అనుకుంటారు. పక్కన ఏ లేకపోతే రాదు. రియల్‌టెక్ 8723డీఈ లాంటి కార్డులు బడ్జెట్ లాప్‌టాప్‌లలో బాగా వచ్చాయి, అవన్నీ 2.4 మాత్రమే. ఈ తమ్ముడి స్క్రీన్‌షాట్‌లోనూ బీ, జీ, ఎన్ మూడే ఉన్నాయి. మదర్‌బోర్డ్‌కి ఏమీ కాలేదు. డ్రైవర్ పదిసార్లు మార్చినా లాభం లేదు, ఎఫ్ఎం లేని రేడియోలో ఎఫ్ఎం వెతికినట్టే.

మరి ఏం చేయాలి? యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనండి. లాప్‌టాప్ ధరతో పోలిస్తే అది ఏ మూలకీ రాదు. సికింద్రాబాద్ సీటీసీలో అడిగేటప్పుడు "డ్యుయల్ బ్యాండ్" అని గట్టిగా అడగండి, ఏసీ600 అని రాసి ఉందో లేదో చూడండి. 150, 300 అని చిన్నవి అమ్ముతారు, వాటిలో ఎక్కువ మళ్లీ 2.4వే. లోపలి కార్డు కూడా మార్చుకోవచ్చు గానీ, కొన్ని పాత లాప్‌టాప్‌ల బయోస్ వేరే కార్డుని ఒప్పుకోదు. కనుక్కున్నాకే స్క్రూ విప్పండి. రూటర్ టేబుల్ పక్కనే ఉంటే మాత్రం ఇవేవీ వద్దు, లాన్ కేబుల్ పెట్టేయండి.

అసలు 2.4తో ఇబ్బంది ఏంటి అంటే, అందులో ఒకదానితో ఒకటి కలవని ఛానెల్స్ మూడే: 1, 6, 11. తార్నాక, హబ్సిగూడ హాస్టళ్లలో ఒక్కో ఫ్లోర్‌లో ఎన్ని రూటర్లుంటాయో మీకే తెలుసు. అన్నీ ఆ మూడింట్లోనే తోసుకోవాలి. 5లో జాగా ఎక్కువ, కానీ గోడలు దాటడం దానికి కష్టం. (5జీ సిమ్‌కీ దీనికీ సంబంధం లేదండీ, రోజూ ఎవరో ఒకరు అడుగుతారు.)

ఇక ఏసీ ఉండి కూడా కనిపించని వాళ్ల సంగతి. రూటర్ రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి ఉండొచ్చు. అలాంటప్పుడు విడిగా ఇంకో పేరు కనపడదు. కనెక్ట్ అయ్యాక వైఫై ప్రాపర్టీస్‌లో "నెట్‌వర్క్ బ్యాండ్" చూడండి. అది కాదంటే డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్. అక్కడ ఎవరైనా 2.4కి ఫిక్స్ చేసి పెట్టారేమో చూడండి.

పక్కింటివాళ్ల 5 కనిపిస్తోంది, మనది కనిపించట్లేదు అంటే తేడా ఛానెల్‌లోనే ఉండొచ్చు. మన దేశంలో 2018లో ఈ బ్యాండ్‌లో చాలా భాగం లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చని రూల్స్ వచ్చాయి, రూటర్లు వాటిలో ఏదో ఒకటి ఆటోలో ఎంచుకుంటాయి. వేరే దేశం సెట్టింగ్‌తో వచ్చిన కార్డులు కొన్ని ఛానెల్స్‌ని అసలు వెతకవు. రూటర్ వెనక స్టిక్కర్ మీద అడ్రస్, పాస్‌వర్డ్ ఉంటాయి. లాగిన్ అయ్యి ఆటో తీసేసి 36, 40, 44, 48లో ఒకటి పెట్టండి. ఆ తర్వాత లాప్‌టాప్‌లో వైఫై ఆఫ్ చేసి ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే ఆ రేడియో టైప్స్ లైన్ కాపీ చేసి కింద కామెంట్‌లో పెట్టండి, చూసి చెప్తాను.